గుండ్లవంకకు ఎడారి హోదా

గుండ్లవంక పట్టణ జల వితరణ సంస్థలో పనిచేసేవాళ్ళకి వేసవి సెలవులు ఉండవు. ఎందుకంటే వేసవిలో ఊరికి నీళ్ళు ఉండవు. నీళ్ళు లేనప్పుడు నీళ్ళ సంస్థవాళ్ళు కూడా ఊళ్ళో లేకపోతే తిట్టడానికి జనానికి మనిషి దొరకడు. అందుకని మార్చి చివర మొదలు వానలు పడేదాకా సిబ్బంది ఎవ్వరూ ఊరు దాటరాదని సంస్థ పుట్టినప్పటి నుంచీ ఒక నిబంధన. పిల్లల బళ్ళు మూసేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. కాబట్టి ఆ సంస్థ ఉద్యోగి ఒకడు పెళ్ళాం బిడ్డలతో కలిసి సరదాకి రైలెక్కాడని ఇంతవరకూ ఎవరూ వినలేదు.

లైన్ ఇన్‌స్పెక్టరు ఓబులేసు కూడా వినలేదు. ఊరి పెద్ద పైపుకు వాల్వు తిప్పి నీళ్ళు వదలడం, మళ్ళీ తిప్పి ఆపడం అతని ఉద్యోగం. వదలడం నాలుగైదు రోజులకొకసారి, ఆపడం మిగతా కాలమంతా. అతనికి ఒక్కతే కూతురు, మేఘన. ఆ పిల్ల ఒకటో తరగతిలో ఉండగా పుస్తకంలో ఒంటె బొమ్మ చూసి, "నాన్నా, దీన్ని ఎక్కుదాం" అంది. "వచ్చే ఏడు పోదాం తల్లీ" అన్నాడు ఓబులేసు. మరుసటి ఏడూ అదే అన్నాడు. ఆ మరుసటి ఏడూ అదే. ఇప్పుడు మేఘన తొమ్మిదో తరగతి పరీక్షలు రాస్తోంది. అవి కాగానే పది మొదలు. పది కాగానే హాస్టలు కాలేజీ. ఆ కాలేజీల్లోకి వెళ్ళిన పిల్లలు బయటికొచ్చేసరికి అమ్మానాన్నలతో మాట్లాడే విషయాలు అయిపోయి ఉంటాయి. అంటే ఇప్పుడు పోతే పోయినట్టు, లేదంటే ఇక లేనట్టే.

ఇలా ఉండగా సంస్థ ఎం.డి. పరాంకుశం గారు విదేశంలో ఒక ఎడారి నగరంలో శిక్షణ పొంది తిరిగొచ్చారు. వచ్చీ రాగానే సిబ్బందినంతా హాల్లోకి పిలిపించారు.

"మిత్రులారా! అక్కడ నది లేదు, చెరువు లేదు, వర్షమన్న మాటే లేదు. అయినా కొళాయి తిప్పితే నీరు! ఇక్కడ వంక ఉంది, నిండుగా జలాశయం ఉంది, అన్నిటికీ మించి మనమున్నాం. కొళాయి తిప్పితే గాలి! దీనికి మూలకారణమేమిటి?"

"పైపులు సార్" అన్నారెవరో వెనకనుంచి.

ఎం.డి. గారు జాలిగా నవ్వారు. "అది సంకుచిత దృక్పథం. మూలకారణం, నీటి లేమి పట్ల మన సిబ్బందికి అనుభూతిపూర్వకమైన అవగాహన కొరవడటం. ఆ నగరానికి వసంతకాలంలో ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వస్తాయి. ఎడారిని చూస్తాయి, చలిస్తాయి, ఉత్తేజితమై వెనుదిరుగుతాయి. దానిని స్ప్రింగ్ బ్రేక్ అంటారు. కనుక ఊరు దాటరాదన్న నిబంధనను సడలించి, ఈ సంవత్సరం నుంచి మన సంస్థలో కుటుంబ సమేత వసంత విరామ ఎడారి అవగాహన యాత్ర ప్రవేశపెడుతున్నాం. రాజస్థాన్‌లోని ఒక ఎడారి నగరాన్ని గమ్యస్థానంగా సూచనప్రాయంగా ఎంపిక చేయడమైనది."

ఆ నగరం పేరు మనకెందుకులెండి, తెలిస్తే ఇంకో నాలుగు ఆఫీసులు అక్కడికి బయల్దేరతాయి. ఓబులేసుకి మాత్రం ఆ ఉపన్యాసంలో కుటుంబ సమేత అన్న మాట తప్ప మరేదీ వినబడలేదు. మీటింగు కాగానే సైకిలెక్కి తిన్నగా ఇంటికి వచ్చాడు.

"నిజంగానే పంపుతారంటనా?" అంది అతని భార్య రామాంజనమ్మ, నమ్మకం కుదరక.

"ఎం.డి. గారే చెప్పినాడు. రైలు టికెట్లు, రూము, అన్నీ ఆఫీసోళ్ళే చూస్తారంట."

"యాడికి?"

"ఎడారికి."

"నీళ్ళు లేని చోటికా? అంత దూరం పొయ్యేదెందుకు, ఈడే ఉంటే సరిపోదా?"

"అమ్మా, ఆడ ఒంటెలుంటాయి" అంది మేఘన పుస్తకంలోంచి తలెత్తకుండానే. తలెత్తితే మొహంలో సంతోషం కనబడి, ఈసారి కూడా కుదరకపోతే నాన్న బాధపడతాడని ఆ పిల్ల భయం. రామాంజనమ్మ ఆ వారమే జొన్నరొట్టెలు కాల్చి ఎండబెట్టి డబ్బాలకెత్తింది. చెనిక్కాయల పొడి కొట్టింది. అటక మీద పెళ్ళినాటి సూట్‌కేసు దించి దుమ్ము దులిపింది.

అక్కడ ఆఫీసులో అకౌంట్స్ ఆఫీసరు విరూపాక్షయ్య గారు గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాక ఆ సంస్థలో ఏ పనీ ముందుకు సాగిన దాఖలా లేదు.

"ఎం.డి. గారి ఆశయం మహోన్నతం. అయితే ఎడారి అనగా ఏమో నిర్వచించకుండా టికెట్లు కొంటే రేపు ఆడిట్ వారు అడుగుతారు. ఇసుక ఉన్న ప్రతిదీ ఎడారి అయితే, ఇళ్ళు కట్టే ప్రతి చోటా ఎడారే."

వెంటనే ఎడారి నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. ఉపసంఘం బోలెడన్ని సార్లు బోండాలు తిని, చివరికి ఒక సూత్రం తేల్చింది. మనిషికి రోజుకు అందే నీరు ఎక్కడ అతి తక్కువో అదే ఎడారి, మిగతావన్నీ ఎడారి అని చెప్పుకునే ప్రాంతాలు. దానితోపాటు, యాత్రికుల వల్ల ఎడారికి భారం కలగకుండా, బయల్దేరే కుటుంబాలన్నీ ముందు సన్నద్ధతా శిబిరంలో ఉత్తీర్ణులు కావాలన్నారు. శిబిరమంటే, ఇంట్లోనే మనిషికి రోజుకొక బిందె నీళ్ళతో అన్ని అవసరాలూ తీర్చుకోవడం. ఉపసంఘం సభ్యులు వాచీలు పెట్టుకుని ఇళ్ళిళ్ళూ తిరిగి పర్యవేక్షించారు. అందరూ ఉత్తీర్ణులయ్యారు. రామాంజనమ్మ అయితే సభ్యుల్ని కూర్చోబెట్టి మరీ అడిగింది.

"సార్, మనిషికి ఒక బిందె దినామూ ఇస్తారా?"

"శిబిర కాలంలో తప్పక ఇవ్వబడును."

"అయితే ఈ శిబిరం తియ్యొద్దండి సార్. ఇట్లే పెట్టుకోండి."

దీన్ని సభ్యులు సిబ్బంది కుటుంబాల్లో ఉప్పొంగిన ఉత్సాహంగా నమోదు చేసుకున్నారు.

ఇక మిగిలింది గమ్యస్థానం. ఆ రాజస్థాన్ నగరంలో సంస్థ ఒక గది అద్దెకు తీసుకుని పోలిక కార్యాలయం అని బోర్డు పెట్టించింది. అక్కడి నీళ్ళనీ ఇక్కడి నీళ్ళనీ పోల్చి చెప్పడం దాని బాధ్యత. ఒక సీనియర్ అసిస్టెంటును పంపారు. ఆయన కొన్నాళ్ళకే తిరిగొచ్చి, నిండు సమావేశంలో తల వంచుకుని నిలబడ్డాడు.

"సార్, అక్కడ పొద్దున, సాయంత్రం కొళాయిలో నీళ్ళొస్తున్నాయి. మనకు గది అద్దెకిచ్చినామె తులసి చెట్టుకి పోసి, గడప కడిగి, ఆవుకి కూడా పెడుతోంది."

విరూపాక్షయ్య గారు లేచి నిలబడ్డారు.

"ఇది తీవ్రమైన విషయం. నీటి లేమి చూపడానికి పంపుతూ, నీరున్న చోటికి పంపితే అది అవగాహన కాదు, విలాసం. అక్కడ రోజూ స్నానానికి అలవాటుపడి తిరిగొచ్చిన కుటుంబాలు ఇక్కడ అదే కోరితే ఎవరు జవాబుదారీ? గుండ్లవంక కన్నా తక్కువ నీరున్న ప్రదేశాన్ని వెతకవలసిందిగా ప్రతిపాదిస్తున్నాను."

గోడకి దేశపటం వేలాడదీశారు. ఆ ఊరు, ఈ ఊరు, ఉప్పు తప్ప మరేమీ దొరకని ఊరు, అన్నిటికీ ఫోన్లు చేశారు. ఎక్కడ అడిగినా గుండ్లవంక కంటే కొద్దో గొప్పో ఎక్కువే. చివరికి ఎం.డి. గారు పటం ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆయన కళ్ళు మెల్లగా తడి అయ్యాయి. ఆ గదిలో ఆ రోజు కనబడ్డ తడి అదొక్కటే.

"మిత్రులారా, మనం దేశమంతా వెతుకుతున్న ఎడారి మన కాళ్ళ కిందే ఉంది."

చప్పట్లు మోగాయి. గుండ్లవంకకు ఎడారి హోదా అక్కడికక్కడే ఇచ్చేశారు. స్ప్రింగ్ బ్రేక్ గుండ్లవంకలోనే జరుగుతుందనీ, సిబ్బంది కుటుంబాలన్నీ సామాన్లతో బయల్దేరి సంస్థ వారి అతిథిగృహానికి చేరుకోవాలనీ, ఒంటెను కూడా ఇక్కడికే రప్పిస్తారనీ ఉత్తర్వు వచ్చింది. అతిథిగృహం ఓబులేసు ఇంటికి రెండు సందుల అవతల.

ఆ సాయంత్రం ఓబులేసు ఇంటికి చాలా ఆలస్యంగా చేరాడు. గుమ్మంలోనే నిలబడి సంగతి చెప్పాడు.

"పోనీలే నాన్నా, ఒంటెని ఈడికే తెప్పిస్తారంట గదా" అంది మేఘన, తనే ఓదారుస్తున్నట్టు. దానికంటే ఆ పిల్ల ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది ఓబులేసుకి. అవమానంగా ఉంది, కోపంగా ఉంది, ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

అనుకున్న రోజున ముగ్గురూ సూట్‌కేసూ రొట్టెల డబ్బాలూ పట్టుకుని ఆటో ఎక్కి, రెండు సందులు దాటి దిగారు. నుదుట బొట్టు పెట్టి స్వాగతం చెప్పారు. గది కిటికీ తెరిస్తే రామాంజనమ్మ పొద్దున ఆరేసి వచ్చిన చీర కనబడుతోంది.

"సార్, మా ఇల్లు కనపడతాంది సార్ ఈడికి" అన్నాడు ఓబులేసు.

"అటువైపు చూడరాదు. పర్యాటక దృష్టికి భంగం కలుగుతుంది" అన్నారు విరూపాక్షయ్య గారు, కిటికీ తలుపు తనే వేసి.

హోదా దక్కించుకోవడం వేరు, నిలబెట్టుకోవడం వేరు. నాలుగైదు రోజులకొకసారి నీళ్ళు వదిలితే అది ఎడారి లక్షణం కాదని ఉపసంఘం తేల్చింది. కనుక పెద్ద వాల్వు పూర్తిగా మూసెయ్యమన్నారు. మూసింది ఓబులేసే. వాల్వు తిప్పే పొడవాటి ఇనుప రాడ్డు గదిలో మంచం కింద పెట్టుకున్నాడు. బజారు రోడ్డు మీద లారీలతో ఇసుక తెచ్చి పోశారు. రోడ్డు పక్క వేపచెట్లు ఎడారికి తగవని కొమ్మలు నరికించారు. పక్క ఊళ్ళ ఆఫీసులవాళ్ళు మా కుటుంబాలు కూడా వస్తాయంటూ బస్సుల్లో దిగారు. ఎం.డి. గారికి ఎన్ని శాలువాలు కప్పారంటే ఆ ఎండలో ఆయనకి చెమటకాయలు లేచాయి.

ఊళ్ళోవాళ్ళు ఆఫీసు ముందు గుమిగూడి నీళ్ళెప్పుడని అడిగారు. విచారణ కిటికీలోంచి జవాబు వచ్చింది.

"హోదా అనంతరం మీరు వినియోగదారులు కారు, ఎడారివాసులు. దయచేసి సహజంగా ప్రవర్తించండి. బిందెలు పట్టుకుని బజారు రోడ్డు మీద నడవండి. ఊరి బయట బావి దాకా పోయి రండి."

వేరే దారి లేక వాళ్ళు అదే చేశారు. ఆ బిందెల వరుసే యాత్రలో ప్రధాన దర్శనీయ స్థలమైంది. బస్సుల్లో వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. మేఘన కూడా తల్లితో రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని చూస్తోంది. చూస్తూ చూస్తూ ఉలిక్కిపడి, "అమ్మా, మా క్లాసు స్నేహ వాళ్ళమ్మ" అంది. ఆ వరుసలో నెత్తిన బిందెతో పోతున్నామె వీళ్ళని చూసి మొహం తిప్పుకుంది. రామాంజనమ్మ గట్టు దిగి గదికి పోయి, మళ్ళీ దర్శనానికి రాలేదు.

ఒంటె వచ్చింది. దాన్ని తోలుకొచ్చినవాడు భవర్‌లాల్, రాజస్థాన్ నుంచి వచ్చి ఊళ్ళు తిరుగుతూ పిల్లల్ని ఒంటె ఎక్కించి బతికేవాడు. మిట్టమధ్యాహ్నం బజారు రోడ్డు ఇసుకలో పిల్లలందరూ వరుసలో నిలబడ్డారు. మేఘన వంతు వచ్చింది. ఓబులేసు ఫోను తీసి పట్టుకున్నాడు. ఊరు ఏదైతేనేం, ఒంటె ఒంటే కదా అనుకున్నాడు. మేఘన కాలు పెట్టబోయేసరికి ఒంటె మోకాళ్ళ మీద కూలబడింది. ఎంత లాగినా లేవలేదు. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, పక్కకి ఒరిగింది.

"పానీ లేదు సాబ్" అన్నాడు భవర్‌లాల్ ఏడుపు గొంతుతో. "ఈ ఊరొచ్చినకాడి నుంచి ఒక్క బకెట్ దొరకలే. మా దేశంలో ఇంత ఎడారి లేదు సాబ్!"

విరూపాక్షయ్య గారు ఒంటె చుట్టూ ఒకసారి తిరిగారు. "ఒంటె నీరు లేకుండా రోజుల తరబడి మనగలదని పాఠ్యపుస్తకంలోనే ఉంది. ఇది నిబంధన ప్రకారం లేచి తీరాలి. లేవని పక్షంలో యజమానికి సంజాయిషీ నోటీసు జారీ చేయండి."

మేఘన ఒంటె మెడ పక్కన కూలబడి దాని ముఖం మీద ఎండ పడకుండా చున్నీ పట్టింది. తర్వాత తండ్రి వైపు చూసింది.

"నాన్నా, రాడ్డు నీ దగ్గరే గదా ఉండేది."

అంతే అంది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల అతన్ని అడిగింది రెండే రెండు. మొదటిదానికి వచ్చే ఏడు అన్నాడు. రెండోదానికి ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఓబులేసు ఫోను జేబులో పెట్టుకుని గదికి నడిచి, మంచం కింద రాడ్డు తీసుకున్నాడు. రామాంజనమ్మ కొంగు నడుముకి దోపుకుని వెనకే వచ్చింది. నాలుగు రోడ్ల కూడలిలో మూత ఎత్తి, రాడ్డు లోపలికి దించాడు. ఇన్నాళ్ళూ బిగిసిపోయిన వాల్వు కదల్లేదు. భార్యాభర్తలు ఇద్దరూ చెరో వైపు పట్టుకుని తిప్పారు.

మొదట గాలి వచ్చింది. తర్వాత ఎర్రటి బురద, ఆ తర్వాత నీళ్ళు. కొళాయిల్లోకి రావడానికి ముందే ఊళ్ళో పైపులకు ఎన్ని అతుకులున్నాయో అన్నిచోట్లా పైకి చిమ్మాయి. బజారు రోడ్డు వంకలా పారింది. ఇసుక కొట్టుకుపోయింది. జనం బిందెలు, బకెట్లు, డేగిసాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఒంటె మెడ సాచి, రోడ్డు మీద నీళ్ళే గటగటా తాగి, లేచి నిలబడింది. బస్సుల్లో వచ్చినవాళ్ళు ఇది కూడా కార్యక్రమంలో భాగమనుకుని, ఒయాసిస్సు భలే ఏర్పాటు చేశారని చప్పట్లు కొట్టారు.

మర్నాడే ఓబులేసుని సమావేశ మందిరంలో నిలబెట్టారు. ఎం.డి. గారు లేచి నిలబడ్డారు.

"ఎడారి ప్రాంతంలో అనధికార జలప్రవాహం సృష్టించి, నీటిని ప్రజలకు చేరవేసి, సంస్థ ప్రతిష్ఠకు తీరని భంగం కలిగించారు. మిమ్మల్ని సస్పెండ్ చేయడమైనది."

"సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి హెడ్‌క్వార్టర్స్ నిర్ణయించాలి" అన్నారు విరూపాక్షయ్య గారు. "గుండ్లవంకలో ఉంచితే మళ్ళీ వాల్వు తిప్పగలడు. వాల్వుకి దూరంగా మన సంస్థకు ఉన్న మరో కార్యాలయం పోలిక కార్యాలయం ఒక్కటే. కనుక విచారణ ముగిసేవరకు అతడు ఆ రాజస్థాన్ నగరంలోనే ఉండవలెను. అనుమతి లేకుండా ఎడారి విడిచి రారాదు. అలాగే రాడ్డు తిప్పడంలో భార్య చెయ్యి, ప్రేరేపించడంలో కుమార్తె మాట ఉన్నట్టు రుజువైనందున, శిక్ష కుటుంబ సమేతంగా అమలు కావలెను. ప్రయాణ ఏర్పాట్లు నిబంధనల ప్రకారం సంస్థే చేయును."

ఓబులేసు గబుక్కున తల దించుకున్నాడు. పశ్చాత్తాపంతో కుమిలిపోతున్నాడని అందరూ అనుకున్నారు.

"విచారణ ఎప్పుడైపోతాది సార్? మా పాపకి పదో క్లాసు మొదలయ్యే లోపల..."

"చెప్పలేం. విచారణాధికారి స్ప్రింగ్ బ్రేక్‌లో ఉన్నారు" అన్నారు విరూపాక్షయ్య గారు కఠినంగా.

ముగ్గురూ రైలెక్కారు. కిటికీ సీటు మేఘనది. జొన్నరొట్టెలు చెనిక్కాయల పొడితో దారి పొడుగునా తిన్నారు, పక్క బెర్తులవాళ్ళకీ పెట్టారు. చేరిన సాయంత్రమే మేఘన ఒంటె ఎక్కింది. అది లేచేటప్పుడు ముందుకీ వెనక్కీ ఊగితే, ఎప్పుడూ గట్టిగా నవ్వని పిల్ల కెవ్వుమని అరిచి, పగలబడి నవ్వింది. కింద నిలబడ్డ ఓబులేసుకి ఎదురుగా ఇసుక మసకగా కనబడింది. కళ్ళు తుడుచుకుంటూ, దుమ్ము పడిందని భార్యతో చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే పోలిక కార్యాలయం పెరట్లో కొళాయి చప్పుడు చేసింది. రామాంజనమ్మ ఒక్క ఉదుటున లేచింది. బకెట్టు నింపింది, బిందె నింపింది, గిన్నెలు నింపింది, ప్రెషర్ కుక్కరు నింపింది, ఖాళీ అయిన రొట్టెల డబ్బాలు కూడా కడిగి నింపింది. ఓబులేసు లోటాలు అందిస్తున్నాడు. ఇంటి యజమానురాలు కమలాబాయి ఆవుకి గడ్డి వేస్తూ ఆగిపోయి, ఈ వింత చూస్తూ హిందీలో ఏదో అడిగింది.

"ఎందుకమ్మా ఇన్ని పట్టుకుంటావు, సాయంత్రం మళ్ళా వస్తాయి గదా, అంటాంది" అంది బడిలో హిందీ నేర్చుకున్న మేఘన.

"వస్తాయని మా ఊర్లోనూ చెప్తాండ్రి, అని చెప్పు" అంది రామాంజనమ్మ, చెయ్యి ఆపకుండా.

కమలాబాయి మళ్ళీ ఏదో అడిగింది.

"మీది ఏ ఊరు, యాడ్నించి వచ్చినారు అంటాంది."

రామాంజనమ్మ జవాబు కోసం మొగుడి వైపు చూసింది. ఓబులేసు కొళాయి వైపు చూశాడు. అది ధారగా, ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు పడుతోంది. ఈలోగా మేఘనే హిందీలో చెప్పేసింది, ఎడారి నుంచి వచ్చామని.

కమలాబాయి వాళ్ళ ముగ్గురినీ ఎగాదిగా చూసి, అయ్యో పాపం అన్నట్టు తలూపింది. లోపలికి వెళ్ళి తన ఇంట్లో ఉన్న పెద్ద బిందె తెచ్చి, దాన్ని కూడా కొళాయి కింద పెట్టింది.